పిరమిడ్ పైనుంచి పడితే.. ముందు మెడ, తర్వాత కాగితం! తల్లిదండ్రులు, పీఈటీలు తెలుసుకోవాల్సినవి

ఆగస్టు 15, జనవరి 26, స్కూల్ యానివర్సరీ.. వీటిలో ఏది వచ్చినా పిల్లల పిరమిడ్ ఉండాల్సిందే. అనంతపురం పోలీస్ పరేడ్ గ్రౌండ్ నుంచి మారుమూల హైస్కూల్ వరకు ఇదే సీన్. ఐపీఎల్ పుణ్యమా అని 2008 నుంచి మనకు చీర్‌లీడర్లంటే బౌండరీ దగ్గర డ్యాన్స్ చేసేవాళ్లే. కానీ అమెరికాలో చీర్‌లీడింగ్ అంటే మనుషుల మీద మనుషులు నిలబడటం, ఒకరిని గాల్లోకి విసిరి పట్టుకోవడం. అంటే మన పిల్లలు చేసేదీ దాదాపు అదే. తేడా ఏంటంటే అక్కడ మ్యాట్, శిక్షణ పొందిన కోచ్ ఉంటారు. ఇక్కడ వానల్లేక రాయిలా గట్టిపడ్డ నేల ఉంటుంది.

అమెరికాలో హైస్కూల్ అమ్మాయిలకు ఆటల్లో తగిలే అతి తీవ్రమైన గాయాల్లో సగానికి పైగా చీర్‌లీడింగ్‌వే అని నార్త్ కరోలినా యూనివర్సిటీలోని పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. 2006 మార్చిలో సదర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీ చీర్‌లీడర్ ఒకరు సుమారు 15 అడుగుల పిరమిడ్ నుంచి తలకిందులుగా పడింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే బ్యాండ్‌కు తగ్గట్టు చేతులు ఊపింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత చూస్తే మెడ ఎముకలో పగులు, మెదడుకు అదురు! మ్యాట్ లేకుండా ఎత్తైన పిరమిడ్‌లు వేయడంపై అక్కడి కాలేజీల్లో ఆ తర్వాత ఆంక్షలు వచ్చాయి. పిల్ల లేచి నవ్విందంటే ఏమీ కాలేదని కాదు.. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

పడగానే మనవాళ్లు చేసే మొదటి పని చంకల కింద చేతులేసి లేపడం, నోట్లో నీళ్లు పోయడం. రెండూ వద్దు. మెడ నొప్పి, చేతుల్లో కాళ్లలో తిమ్మిరి ఉన్నా, స్పృహ తప్పినా కదిలించకండి. తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతోందా లేదా చూస్తూ ఉండండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, తికమక మాటలు, ఫిట్స్.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఇవి కొన్ని గంటల తర్వాత కూడా మొదలుకావచ్చు, కాబట్టి ఆ రాత్రంతా ఓ కన్నేసి ఉంచాలి. చీలమండ బెణికితే మాత్రం గుడ్డలో చుట్టిన ఐస్ 15-20 నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచితే ముందు ఉపశమనం. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఎక్కడికెళ్లాలి? అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. బత్తలపల్లి చుట్టుపక్కల వారికి ఆర్డీటీ ఆస్పత్రి దగ్గర. మెదడు, వెన్నుపూస సమస్య పెద్దదైతే చాలామందిని బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపుతారు. అది 200 కిలోమీటర్లకు పైనే. అందుకే ఇక్కడ రాసిన రిఫరల్ చీటీలో పడిన సమయం, స్పృహ ఎప్పుడు తప్పింది, ఏ మందు ఇచ్చారు అన్నది ఉండాలి. పోలీసులు వచ్చేదాకా చూడం అని ఏ ఆస్పత్రీ అనకూడదు. ముందు ప్రాణం, తర్వాతే ఫార్మాలిటీ అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ప్రైవేటుకూ ఇదే రూల్.

ఇక కాగితాల సంగతి. గొడవలెందుకులే అని చాలామంది డాక్టర్‌తో "ఇంట్లో జారిపడింది" అని చెప్పేస్తారు. తర్వాత ఇన్సూరెన్స్ అడిగినా, స్కూల్‌ను ఖర్చులు అడిగినా ఆ ఒక్క ముక్కే అడ్డం తిరుగుతుంది. వైద్యం కూడా దెబ్బతింటుంది. ఎందుకంటే పది అడుగుల ఎత్తు నుంచి పడటానికి, బాత్రూంలో జారడానికి డాక్టర్ చేయించే పరీక్షలు ఒకటి కావు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఎంఎల్‌సీ రాస్తామంటే భయపడొద్దు. అది ఎవరి మీదో కేసు పెట్టడం కాదు, గాయాన్ని రికార్డులో ఎక్కించి పోలీసులకు సమాచారం ఇవ్వడమే. స్కూల్ వాళ్లు కూడా అదే రోజు తేదీ, టైమ్, ఎత్తు, పడిన నేల, చూసినవాళ్ల పేర్లు రాసి సంతకం పెట్టాలి. వారం తర్వాత ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

ఓపీ చీటీ, స్కాన్ ఫిల్మ్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పోయినా కంగారొద్దు. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలి, రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. శాశ్వత వైకల్యం మిగిలితే సదరం క్యాంపుకు వెళ్లేటప్పుడు కూడా ఈ కాగితాలే వెంట తీసుకెళ్లాలి.

మెదడు అదిరిన పిల్లల్ని అదే రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా నడక, చదువు, లక్షణాలన్నీ పోయాకే ఆట. ఫంక్షన్ ఎల్లుండే అని పీఈటీ సార్ ఎంత బతిమాలినా సరే, డాక్టర్ ఫిట్‌నెస్ రాసిచ్చేదాకా పిరమిడ్‌లో ఆ స్థానం ఖాళీగానే ఉంచాలి.