ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

కబడ్డీ కోర్టులో తలకు తల తగిలి కుర్రాడు కూలబడితే మన దగ్గర జరిగేది అందరికీ తెలిసిందే. ముఖాన నీళ్ళు చల్లుతారు, సోడా పట్టిస్తారు, "ఏం కాదులేరా, లే" అంటారు. కళ్ళు బైర్లు కమ్మడం తగ్గగానే మళ్ళీ కూతకు పంపుతారు. కాస్త పట్టించుకునే కాలేజీ అయితే కాకినాడో రాజమండ్రో తీసుకెళ్ళి స్కాన్ తీయిస్తుంది. రిపోర్టు నార్మల్ అని వస్తుంది, అందరి మనసూ కుదుటపడుతుంది. నాలుగు రోజులు పోయాక ఆ కుర్రాడు పుస్తకం తీస్తే తలనొప్పి వస్తోందని, వెలుతురు చూడలేకపోతున్నానని, చదివింది బుర్రకెక్కడం లేదని అంటే మాత్రం పరీక్షల భయమని కొట్టిపారేస్తారు.

రిపోర్టు అబద్ధం చెప్పలేదు. ఎముక విరిగినా, లోపల రక్తం చేరినా స్కాన్ పట్టుకుంటుంది. తల అదిరి మెదడు పని తాత్కాలికంగా గాడి తప్పడాన్ని కంకషన్ అంటారు. అందులో సాధారణంగా ఆ రెండూ ఉండవు. దెబ్బ తినేది మెదడు కణాల రోజువారీ పని, వాటికి అందాల్సిన శక్తి. ఆ శక్తి లెక్క మనిషికి ఎలా తెలిసిందో చెప్పాలంటే భీమవరం నుంచి మొదలుపెట్టాలి.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న అక్కడ పుట్టారు. రాజమండ్రిలో చదువుతూ మెట్రిక్ తప్పి, చివరికి మద్రాసులో గట్టెక్కారు. అక్కడే వైద్యం చదివారు. అనపర్తిలో ఉన్న మామగారి సాయంతో ఓడెక్కి 1923లో బోస్టన్ చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేస్తూనే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో కుదురుకున్నారు. ఒంట్లోని ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో తేలిగ్గా కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్‌ను, దానితోపాటు మరో రసాయనాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ.

కండరాల నుంచి తీసిన ద్రవం దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు మొరాయించింది. రావలసిన వేళకు రాకుండా మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకొకరైతే సీసాలోని మందు పాతదనుకుని పారబోసి కొత్తది కలుపుకునేవారు. వీళ్ళు ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండరంలో అంతదాకా ఎవరికీ తెలియని పదార్థం ఒకటుందని, అది ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో లోకానికి చెప్పారు. కండరం పనిచేస్తుంటే అది తరిగిపోతుంది, విశ్రాంతి దొరికితే మళ్ళీ పోగవుతుంది. కణాలు తమ పనికి ఖర్చుపెట్టే శక్తి పదార్థం ఏటీపీని కూడా 1929లో విడదీసి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నారు. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటికి పండితుల నమ్మకం. ఆ దారిలో పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలు బయటపడ్డాక ఆ పాఠం తిరగరాయాల్సి వచ్చింది.

సుబ్బారావు తలదెబ్బల మీద పని చేయలేదు. మనవాడని ఇక్కడ జబ్బలు చరుచుకోవడానికి ఆయన్ను లాక్కురాలేదు. పనిచేసే కణం శక్తిని ఎందులో దాచుకుంటుందో, అలసినప్పుడు ఏది తరుగుతుందో ఆయన, ఫిస్కే కలిసి చూపించారు. కంకషన్‌ను అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చింది ఆ చూపే.

అందుకు ఇంకో యాభై ఏళ్ళకు పైగా పట్టింది. చిన్నపాటి తలదెబ్బ తగిలిన ఉద్యోగుల్లో మూడోవంతు మంది మూడు నెలలైనా పనిలో చేరలేదని 1981లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వైద్యులు ప్రకటించారు. వాళ్ళు అంతకుముందు మాత్రం ఎలా ఉండేవారో మీకేం తెలుసని అడిగేవాళ్ళకు జవాబు లేదు. దెబ్బ తగలకముందే మనిషిని పరీక్షించి ఉండాలి. ఎవరికి తగులుతుందో ముందే ఎలా తెలుస్తుంది? అక్కడి మానసిక శాస్త్రవేత్త జెఫ్రీ బార్త్‌కు కాలేజీ ఫుట్‌బాల్ జట్లు గుర్తొచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా కొందరికి తల అదరడం ఖాయం. 10 విశ్వవిద్యాలయాల్లో 2,300 మందికి పైగా ఆటగాళ్ళకు సీజన్‌కు ముందే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. దెబ్బ తిన్నవాళ్ళను ఆ తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఒక రోజు గడిచేసరికి తేడా స్పష్టంగా కనిపించింది, 5 నుంచి 10 రోజుల్లో చాలామందిలో సర్దుకుంది. ఆటగాణ్ణి ఇంకొకరితో కాకుండా తన పాత స్కోరుతోనే పోల్చే పద్ధతి అలా నిలబడింది. నా దృష్టిలో ఈ కథలో అందరికంటే తెలివైన ఎత్తు బార్త్‌దే. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేకుండా, కాగితం, పెన్సిలు, ముందుచూపుతో పని నడిపారు. 2003లో 15 కాలేజీల 1,631 మంది ఆటగాళ్ళ మీద జరిగిన అధ్యయనంలోనూ కంకషన్ అయినవాళ్ళలో చాలామంది వారంలోనే తేరుకున్నారు.

అయితే ఆ వారం రోజులూ లోపల ఏం జరుగుతోంది? లాస్ ఏంజెలెస్‌లో డేవిడ్ హోవ్డా బృందం ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూసింది. క్రిస్టఫర్ గిజాతో కలిసి ఆయన 2001లో ఆ వివరమంతా ఒకచోట పెట్టారు. దెబ్బకు కణాల పొరలు సాగుతాయి, పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. వాటిని యథాస్థానానికి చేర్చడానికి కణంలోని పంపులు రాత్రింబవళ్ళు తిరుగుతాయి, వాటికి ఏటీపీ కావాలి. అవసరం పెరిగిన ఆ వేళకే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. మొదట గ్లూకోజు విపరీతంగా ఖర్చవుతుంది, ఆ తర్వాత రోజుల తరబడి వాడకం మందగిస్తుంది. కాలవకు నీరొదలని రోజుల్లో చేనుకు మోటారు వేసి తోడినట్టు, ఉన్న కాస్తా హరించుకుపోతుంది. ఆ స్థితిలో రెండో దెబ్బ తగిలితే తట్టుకునే నిల్వ కణానికి ఉండదు.

ఇటలీలో రొబెర్టో వాన్యొజ్జి బృందం 2008లో ప్రచురించిన పరిశీలన దీనికి మనుషుల్లో దొరికిన సాక్ష్యం. కంకషన్ అయిన 13 మంది ఆటగాళ్ళ మెదడు రసాయనాన్ని ఎం.ఆర్.ఐ. యంత్రంతో కొలిచారు. లక్షణాలు 3 నుంచి 15 రోజుల్లో పోయాయి, రసాయనం మామూలు స్థాయికి రావడానికి మాత్రం 30 రోజులు పట్టింది. ఆడటం మానని ముగ్గురికి రెండోసారి దెబ్బ తగిలింది, వాళ్ళకు 45 రోజులు పట్టింది. పదమూడు మందే కదా అనొచ్చు, నిజమే. కానీ "తలనొప్పి తగ్గింది సార్" అన్న మాటను చాలా కాలేజీల్లో ఆడేందుకు అనుమతిపత్రంలా తీసుకుంటున్నారు. ఆ మాట చాలదని చెప్పడానికి ఇది చాలు.

విశ్రాంతి పేరుతో చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం కూడా తప్పేనని తర్వాత తేలింది. బఫెలో విశ్వవిద్యాలయంలో జాన్ లెడ్డీ బృందం 103 మంది యువ ఆటగాళ్ళలో కొందరికి తేలికపాటి నడక, సైకిలు వంటి వ్యాయామం, మిగతావారికి ఒళ్ళు సాగదీసే కసరత్తులు ఇచ్చింది. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం మొదటి జట్టు 13 రోజుల్లో, రెండో జట్టు 17 రోజుల్లో కోలుకున్నాయి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులు కూడా ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత మెల్లగా కదలమన్నారు. నడక, పరుగు, ఒంటరి సాధన, చివరికి పట్టు, కూత అన్నట్టు మెట్టుకు కనీసం ఒక రోజైనా ఇచ్చుకుంటూ వెళ్ళాలి. ఒంటికి ఒకరు తగిలే ఆటలోకి దిగేముందు వైద్యుడి మాట ఉండాలి. చదువు కూడా అలాగే కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

కాలేజీల్లో ఆటలు నేర్పే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గార్లకు ఒక విన్నపం. సీజన్ మొదలయ్యేముందు మీ ఆటగాళ్ళకు జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పెట్టి ఆ కాగితం దాచండి. తలకు దెబ్బ తగిలిన కుర్రాణ్ణి, పిల్లను ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకండి, ఫైనల్ అయినా సరే. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, మత్తుగా పడుకోవడం, కాలో చెయ్యో పట్టు తప్పడం వీటిలో ఏది కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.