ఒకే గుండు, రెండు పేర్లు

తుపాకుల చరిత్ర అనగానే యుద్ధాలు గుర్తొస్తాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం, అమెరికా పొలాల్లో బొరియలు తవ్వే వుడ్‌చక్‌ లాంటి జంతువుల పేరు చెప్పి మొదలైన ఒక పోటీ. పంటకు చేటు చేసే ఇలాంటి వాటిని అక్కడ ‘వార్మింట్’ అంటారు.

1955లో రెండు కంపెనీలు దాదాపు ఒకేలాంటి తూటాలను బజారులోకి తెచ్చాయి. ఒకటి .243 వించెస్టర్, రెండోది .244 రెమింగ్టన్. అంకె చూసి రెండోది కాస్త లావనుకుంటాం. కాదు, రెండింట్లోనూ గుండు మందం 0.243 అంగుళాలే. తేడా అంతా ఇత్తడి తొడుగులో ఉంది. వించెస్టర్ తన .308 తూటా తొడుగు మెడను సన్నం చేసింది. రెమింగ్టన్ .257 రాబర్ట్స్ తొడుగును వాడుకుంది. అందులో మందుగుండు కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ లెక్కన .244 గెలవాలి. కానీ ఓడిపోయింది.

కారణం తూటాలో లేదు, బారెల్‌లో ఉంది. బారెల్ లోపలి మెలికల గాడులు గుండును బొంగరంలా తిప్పుతాయి. గుండు పొడవయ్యే కొద్దీ ఇంకా వేగంగా తిరగాలి, లేకపోతే గాల్లో తూలిపోతుంది. వించెస్టర్ 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేలా గాడులు పెట్టి, 80, 100 గ్రెయిన్ల గుళ్ళు ఇచ్చింది. రెమింగ్టన్ 12 అంగుళాలకు ఒక చుట్టు పెట్టి, 75, 90 గ్రెయిన్లతో సరిపెట్టింది.

రెమింగ్టన్ లెక్క అర్థంలేనిదేమీ కాదు. దాని తూటాకు మూలం ఫ్రెడ్ హంటింగ్టన్ రూపొందించిన ‘రాక్‌చకర్’. వుడ్‌చక్‌కు దగ్గరి చుట్టమైన రాక్‌చక్ ఆ పేరులోనే ఉంది. దూరాన గడ్డిలో తల మాత్రమే కనబడే చిన్న జంతువుకి బరువైన గుండు ఎందుకు? తేలికైనది వేగంగా పోతుంది, తగలగానే చిట్లిపోతుంది. అవతల పశువులూ ఇళ్ళూ ఉన్నచోట ఆ చిట్లిపోవడమే మంచిది.

మరి కొనేవాడి సంగతి? వాడి దగ్గర ఒక్క రైఫిల్‌కే డబ్బుంది. వేసవిలో వుడ్‌చక్‌లు సరే, ఆకురాలు కాలంలో జింకల వేట వస్తుందిగా! అప్పుడు 100 గ్రెయిన్ల గుండు కావాలనిపించింది. నిజానికి 90తోనూ జింక పడుతుంది. రెండింటికీ తేడా అర గ్రాము పైచిలుకు, అంతే. అయినా ‘అది ఎలకల తుపాకీరా’ అన్నట్టు పడిన ముద్రను ఆ అర గ్రామే మోసింది.

రెమింగ్టన్ తర్వాత దిద్దుకుంది. మెలికను 9 అంగుళాలకు బిగించింది. 1963లో అదే తూటాకి 6 ఎం.ఎం. రెమింగ్టన్ అని పేరు మార్చి, 100 గ్రెయిన్ల గుండుతో మళ్ళీ తెచ్చింది. తొడుగు మారలేదు, పేరే మారింది. అప్పటికే ఎనిమిదేళ్ళు గడిచాయి. .243 ఇవాళ్టికీ మామూలు దుకాణాల్లో దొరుకుతుంది. రెండోదాన్ని దాని అభిమానులు వెతుక్కోవాలి.

ఈ కథలో నాకు పట్టుబడింది తుపాకీ విషయం కాదు, కొనేవాడి మనసు. ఏడాదిలో ఎక్కువ రోజులు చేసే పనికి రెమింగ్టన్ సరిగ్గా సరిపోయే వస్తువు చేసింది. మనిషేమో ఎప్పుడో ఒకటి రెండు రోజులు చేయబోయే పనిని ఊహించుకుని డబ్బు తీశాడు. వుడ్‌చక్ పేరుతో మొదలైన పోటీని, ఇంకా కంటపడని జింక తేల్చింది.