మొదలే దొరకని సీరియల్

ఏళ్ల తరబడి నడిచిన సీరియల్ ఏదైనా కొత్తగా చూడబోయేవారికి ‘మొదటి నుంచీ చూడండి’ అని చెప్పేయడం తేలిక. ‘డాక్టర్ హూ’ విషయంలో ఆ సలహా పాటించడం ఎవరి తరమూ కాదు.

1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం బీబీసీలో ఈ సీరియల్ మొదలైంది. ముందురోజే కెనెడీ హత్య జరిగింది. జనం ధ్యాసంతా అటే. మరుసటి వారం తొలి భాగాన్ని మళ్లీ వేసి, ఆ వెంటనే రెండోది చూపించారు. తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్లయినా లేవు.

అరవై ఏళ్ల తర్వాత ఎవరో కూర్చుని వరసగా చూస్తారని వాళ్లు అనుకునే అవకాశమే లేదు. పాతిక నిమిషాల భాగం, చివర్లో గుండె ఆగేంత ఘట్టం, మిగతాది వచ్చే శనివారం. హరికథకు ఆలస్యంగా వచ్చినవాళ్లకు చాప మీద చోటు దొరికినట్టే ఇక్కడా దొరికేది. 1966లో కథానాయకుడిగా నటిస్తున్న విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింటే, కథానాయకుడి దేహమే మారిపోయిందని చెప్పి పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. ఎంత గడుసు ఉపాయం! హీరో మారిన ప్రతిసారీ కొత్త ప్రేక్షకుడు లోపలికి రావచ్చు.

ఆ మార్పు జరిగిన భాగం మాత్రం ఇప్పుడు పూర్తిగా లేదు. అప్పట్లో వీడియో టేపు ఖరీదైన సరుకు. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకూ హద్దులుండేవి. రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు బొమ్మలు ఎవరికి కావాలనుకున్నారు. టేపులు చెరిపి మళ్లీ వాడుకున్నారు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము ప్రతులు కూడా చాలావరకు పారేశారు. 1978 దాకా సాగిందీ పని. ఆ విదేశీ ప్రతులే తర్వాత కొంత ఆదుకున్నాయి. 2013లో నైజీరియా నుంచి తొమ్మిది భాగాలు తిరిగొచ్చాయి. అప్పటికీ లోటు 97.

వరసగా చూసేవాడికి నాలుగో కథ ‘మార్కో పోలో’ దగ్గరే దారి తెగిపోతుంది. ఏడు భాగాల్లో ఒక్కటీ మిగల్లేదు. అయితే ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకున్న అభిమానుల పుణ్యమా అని శబ్దం ఉంది. తెర మీంచి తీయించిన ఫొటోలు చాలా ఏళ్లకు హుస్సేన్ సొంత సామాన్లలో బయటపడ్డాయి.

పోనీ, మొదటి కథైనా సులువుగా చేతికొస్తుందా? 2023 నవంబర్‌లో బీబీసీ 800కు పైగా భాగాలను తన ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్‌లో పెట్టినప్పుడు, రచయిత ఆంథనీ కోబర్న్ వారసులతో హక్కుల వ్యవహారం తేలక దాన్నే పక్కన పెట్టాల్సి వచ్చింది.

అందుకే కొత్తవారు 2005లో మొదలుపెట్టడం మేలు. 1989లో ఆగిపోయిన సీరియల్‌ను రస్సెల్ టి. డేవీస్ తిరిగి తెచ్చిన ఏడాది అది. దుకాణంలో పనిచేసే రోజ్ అనే అమ్మాయి వెంట నడిపిస్తాడు; పాత సంగతేదీ తెలియనక్కర్లేదు. పాతవాటి మీద మనసైతే 1967 నాటి ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ పట్టుకోవచ్చు. హాంకాంగ్‌లో దొరికిన ఆ నాలుగు భాగాలూ పూర్తిగా ఉన్నాయి. ‘మార్కో పోలో’ను ఫొటోలు చూస్తూ వినడం ఆ తర్వాత, పిచ్చి బాగా ముదిరినవాళ్ల పని.