కుట్టుమిషను విడిభాగాల కథ

చీపురుపల్లి వంటి ఊళ్ళలో దర్జీ కుటుంబానికి కుట్టుమిషనే జీవనాధారం. తాత కొన్న మిషను మీద మనుమడు బట్టలు కుట్టడం వింత కాదు. అయితే అందులోని షటిల్ అరిగిందంటే మిషను మూలపడుతుంది; ఆనాటి సంపాదన పోతుంది. అరచేతిలో ఇమిడే ఆ ఒక్క భాగం కోసం మిషనునంతా పారవేయవలసిందేనా? అక్కరలేదు. ఈ సౌకర్యం వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

అమెరికాలో కుట్టుమిషనుకు 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజక్ సింగర్ పేటెంట్లు పొందారు. 1853లో సింగర్ కంపెనీ తయారు చేసిన మిషన్లు 810 మాత్రమే. ఆ రోజులలో పనివారు ప్రతి భాగాన్నీ ఆకురాయితో అరగదీసి, పక్క భాగంతో సరిపుచ్చేవారు. తరువాత మిషనును విప్పి, భాగాలను కాల్చి గట్టిపరచేవారు. అవి వేరే మిషను భాగాలతో కలిసిపోకుండా వాటిమీద మిషను సంఖ్య ముద్రించేవారు. ఒకదాని భాగం మరొకదానికి పట్టుతుందన్న నమ్మకం లేదు!

1858లో విల్కాక్స్ అండ్ గిబ్స్ మిషన్ల తయారీకి పూనుకున్న బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థ వేరే మార్గం పట్టింది. తుపాకుల కర్మాగారాలలో వలె ప్రతి భాగానికీ నిర్ణీతమైన కొలత, ఆ కొలతను పరీక్షించే గేజీ ఏర్పరచింది. 1880 నాటికి ఏటా అయిదు లక్షల మిషన్లు చేస్తున్న సింగర్ కంపెనీకి కూడా ఈ దారి తప్పలేదు.

కొలత స్థిరపడితే, దానిని ఎరిగిన వారెవరైనా ఆ భాగాన్ని చేయవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపాను తయారీదారులు సింగర్ 15వ తరగతి మిషనును నమూనాగా తీసుకొని ఉమ్మడి కొలతలు పాటించారు. మన దేశంలో 1930ల దశకంలో కలకత్తాలోని జే ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లను ప్రారంభించింది. పంజాబులోని లూధియానా విడిభాగాలకు పేరుపొందింది.

మరి పాత మిషనుకు కొత్త భాగం చేయడం ఎలా? అరిగిన భాగాన్ని ఉన్నదున్నట్లు కొలిస్తే ఆ అరుగుదల కూడా కొత్తదానికి సంక్రమిస్తుంది. కాబట్టి అరగని చోట్లను, దానితో కలిసి పనిచేసే భాగాన్ని మైక్రోమీటరుతో కొలవాలి. సూదికీ షటిల్ కొనకూ నడుమ ఉండవలసిన ఖాళీ దాదాపు తలవెంట్రుక మందమే. లేతు యంత్రం మీద ఆకృతి తెచ్చిన తరువాత ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడది గట్టిపడుతుంది గాని పెళుసెక్కుతుంది. తిరిగి సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు, గడ్డిరంగు తేలేదాకా వేడిచేస్తే పెళుసు తగ్గుతుంది. మన కమ్మరి కొడవలికి పదును పెట్టడంలోని సూత్రమూ ఇదే.

ఉక్కు లోతుగా గట్టిపడడానికి మాంగనీసు తోడ్పడుతుంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలయింది. చీపురుపల్లి చెంతనున్న గరివిడి ఆ గనులకు ప్రసిద్ధి.

మన దేశానికి ఎన్నో సింగర్ మిషన్లను పంపిన స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారం 1885లో వెలసి 1980లో మూతపడింది. అక్కడ తయారైన మిషన్లు మాత్రం విడిభాగాలు దొరికినచోట ఇంకా కుడుతూనే ఉన్నాయి. చేసినవారు లేకపోయినా కొలత నిలిచి ఉంటే యంత్రం బ్రతుకుతుంది. దానిని నమ్ముకున్న కుటుంబమూ బ్రతుకుతుంది.