పెద్దల మాట - పిల్లల భాష



మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలలో మీరందరు నెరిగిన దృశ్య మొకటి కలదు. తాత మంచముమీద కూర్చుండి "ఒరే, ఆవును తోలుకొనిరా" అనును. పెద్దమనుమడు పోయి కొట్టములోనుండి ఆవును తెచ్చును. మాటలింకను రాని పసివాడొకడు గడపకడ కూర్చుండి యిద్దరిని చూచుచుండును. వానికెవరును పాఠము చెప్పలేదు. అయినను కొన్నినెలలకు వాడే ఆవును జూచి దాని పేరు పలుకును. ఇది యెట్లు జరిగినది? ఈ ప్రశ్నకు పూర్వులేమి సమాధానము చెప్పిరో, నేటివారేమి కనుగొనిరో యీపూట మనవి చేసెదను. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి బ్రతికినవాడను. ఈ విషయమున నేను చేసిన తప్పొకటి కలదు. దానినిగూడ చివర దాచక చెప్పెదను.

మన దేశమున నీ ప్రశ్న మీమాంసాశాస్త్రమున ముఖ్యమయ్యెను. మాటకును అర్థమునకును గల సంబంధమును మొదట నెవడైన నేర్పరచెనా, లేక యది అనాదియా యని వివాదము. ఒకడేర్పరచెననినచో, "దీనికిది పేరు" అని యితరులకు చెప్పుటకు వానికి ముందే మాటలు కావలెను గదా! సూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామి దీనికి లోకానుభవమునే సాక్షిగా చూపెను. పెద్దలు తమ పనులకై తాము మాటలాడుకొనుచుండగా, ప్రక్కనున్న పిల్లలు విని అర్థము గ్రహించుచున్నారు. ఆ పెద్దలును తాము పిల్లలుగా నున్నపుడు అట్లే నేర్చిరి. దీనికే వృద్ధవ్యవహారమని పేరు. ఇచ్చట వృద్ధుడనగా ముసలివాడని కాదు, భాష తెలిసినవాడని యర్థము.

తరువాతివారు దీనిని విప్పి చెప్పిరి. తాత మాట వినబడెను, మనుమడు కదలెను, ఆవు వచ్చెను. కావున నీ మాటకు ఈ పనియే యర్థమని పసివాడు మొదట మొత్తముగా నూహించును. మరునాడు తాత "ఆవును కట్టివేయుము" అనును. ఆవు మారలేదు, పని మారినది. మరియొకప్పుడు "గుఱ్ఱమును తోలుకొనిరా" అనును. పని మారలేదు, జంతువు మారినది. ఏ మాట పోయినపుడేది పోయెనో, ఏది వచ్చినపుడేది వచ్చెనో సరిచూచుకొని, పసివాడొక్కొక్క పదమును విడదీసికొనును. ఈ చేర్చుట తీయుటలకు ఆవాపోద్వాపములని పేరు. పదునేడవ శతాబ్దమున అన్నంభట్టు తాను రచించిన తర్కసంగ్రహమునకు తానే వ్రాసిన దీపికలో నీ యుదాహరణమును చేర్చెను. ఆయన ఆంధ్రుడని ప్రసిద్ధి. నేను బాల్యమున గురువుగారియొద్ద నీ విషయమును చదివినది ఆ గ్రంథముననే.

అందరు నిట్లే యొప్పుకొనలేదు. ప్రభాకరుని మతమువారు, పనిని చెప్పు వాక్యములోనే పదమునకర్థము తెలియుననిరి. రామానుజాచార్యులు శ్రీభాష్యమున దీనిని కాదనెను. తల్లిదండ్రులు వ్రేలు చాచి మేనమామను, చంద్రుని, పశువును, పక్షిని చూపి పలుమారు పేర్లు చెప్పుదురు. పిల్లలట్లును నేర్తురని ఆయన వాదము. బువ్వ తినిపించుచు చందమామను చూపని తల్లి మన యూళ్లలో కలదా?

సుమారు 400వ సంవత్సరమున, ఉత్తర ఆఫ్రికాలో అగస్టీను అను క్రైస్తవాచార్యుడు తన యాత్మకథలో నిట్టి విషయమునే వ్రాసెను. పెద్దలొక వస్తువు పేరు చెప్పి దానివంక కదలుటను చూచి, వారి ముఖము, కన్నులు, కంఠస్వరముల వలన వారి యుద్దేశమెరిగి, తాను మాటలు నేర్చితిననెను. 1953లో వెలువడిన విట్గెన్‌స్టైన్ అను తత్త్వవేత్త గ్రంథము అగస్టీను మాటలతోనే మొదలగును. ఆయన వేసిన చిక్కు ప్రశ్న యిది: వ్రేలు చూపి పేరు చెప్పినంతనే సరియా? ఆవును చూపిన వ్రేలు దాని తెలుపును చూపినదా, కొమ్మును చూపినదా, ఒక్కటియను సంఖ్యను చూపినదా? వ్రేలు తానై చెప్పజాలదు. చూపినవాని మనసులోని యుద్దేశము చూచువానికి తెలియవలెను.

పసివానికి పరుల యుద్దేశము తెలియునా? గడచిన యేబదియేండ్లలో శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచిరి. 1991లో డేర్ బాల్డ్విన్ అను నామె చేసిన పరీక్ష యిట్టిది. బిడ్డ యొక బొమ్మను చూచుచుండగా, పెద్దమనిషి మరియొక బొమ్మవంక చూచుచు క్రొత్త పేరొకటి పలుకును. ఒకటిన్నర యేడు దాటిన బిడ్డ ఆ పేరును తన చేతి బొమ్మకు తగిలింపలేదు. తలయెత్తి, పలికినవారి చూపు పోయిన బొమ్మకే తగిలించెను. 1996లో మైకేల్ టొమసెల్లో మొదలగువారు ఇంకొక మెట్టెక్కిరి. పెద్దమనిషి ఒక పేరు చెప్పి, దానిని వెదకుచున్నానని పాత్రలలో చేయిపెట్టును. దొరికిన మొదటి వస్తువును ముఖము చిట్లించి వదలివేయును. కోరినది దొరకగానే సంతోషించును. పదునెనిమిది నెలల పిల్లలు, సంతోషము కలిగించిన వస్తువునకే ఆ పేరని గ్రహించిరి. వ్రేలు చూపలేదు, ముఖమే చాలెను.

మరియొక పరీక్ష నేటి మన యిండ్లకు తగులును. 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ మొదలగువారు తొమ్మిదినెలల పిల్లలకు పండ్రెండు మారులు చీనా భాష వినిపించిరి. మనిషి యెదుట కూర్చుండి ఆడించుచు మాటలాడినపుడు పిల్లలు ఆ భాషాధ్వనుల భేదమును పట్టుకొనిరి. అదే మనిషిని తెరమీద చూపినపుడు పట్టుకొనలేదు. బువ్వ తినుటకై బిడ్డ చేతికి సెల్‌ఫోను నిచ్చు పెద్దలు దీనిని తలచుకొనవలెను. ఫోను మాటలాడును గాని, బిడ్డ యెటు చూచుచున్నదో తాను చూడదు.

ఇక నా తప్పు. ఉద్యోగపు తొలినాళ్లలో ఒక పల్లెబడిలో నాకడ నొక బాలుడుండెను. "పలక తీయుడు" అన్నచో అందరి తరువాత తీయును. కథ చెప్పి ప్రశ్న వేసినచో మిన్నకుండును. నేను వానిని మొద్దని పిలిచితిని. వెనుక వరుసకు పంపితిని. ఇట్లు రెండేండ్లు గడచెను. ఒకనాడు వాని యవ్వ బడికి వచ్చి, "అయ్యవారూ, వాడు మీ మొగం చూస్తేనే మాట ఎరుగుతాడు. మీరు ఈపు తిప్పితే వాడికి బడి లేనట్టే" అనెను. వైద్యునికి చూపగా రెండు చెవులకును వినికిడి చాల తక్కువయని, పసితనమునుండియు నట్లేయని తేలెను.

ఇంటివారికేల తెలియలేదు? వాడు ముఖములను, చేతులను, ఇతరుల కదలికలను అంత చక్కగా చదివెను. శాస్త్రము చెప్పిన వ్యవహారమునకు రెండంగములు: వినబడు మాట, కనబడు నడవడి. వానికి రెండవది మాత్రమే యందెను. దానితోనే ఆవును, పలకను, బువ్వను తెలిసికొనెను. కంటికి కనబడని "నిన్న", "ఎందుకు", "ఒకవేళ" అను మాటలు వానికి చేరలేదు. నేను శాస్త్రమును కంఠస్థము చేసితిని గాని, నా యెదుట కూర్చున్న బాలునియందు దానిని చూడనైతిని. చదువురాని యవ్వ చూచెను. వానిని ముందువరుసకు తెచ్చి, వాని ముఖము చూచుచు పాఠము చెప్పితిని. వాడు చదివెను, కాని పోయిన తొలియేండ్లను నేను తిరిగి యియ్యలేకపోతిని.

కావున పెద్దలకు నా విన్నపము. ఆరునెలల బిడ్డ వెనుకనుండి చప్పుడైనను తిరుగకున్నను, ఏడాది బిడ్డ చాటునుండి పేరుపెట్టి పిలిచినను పలుకకున్నను, "మా యింట మాటలు ఆలస్యమే" యని యూరకుండరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లల వినికిడి లోపములను గుర్తింప నేర్పాటు కలదు. అంగన్‌వాడీలోనో ప్రభుత్వ వైద్యశాలలోనో అడుగవలెను.

తక్కినది మీ వసారాలోనే కలదు. మీరు "ఆవును తోలుకొనిరా" అన్నపుడు గడపకడ నొక విద్యార్థి కూర్చున్నాడు. వాడు మీ మాటను వినుచున్నాడు, మీ కన్నును చూచుచున్నాడు. ఒక్కమారు వానివంక తిరిగి పలుకుడు. వాడు విన్నాడో లేదో చూడుడు.

సెలవు.