పాల్వంచ పరగణాలో బాకీ వసూళ్ల చరిత్ర

పాల్వంచ ప్రాంతపు అప్పుల చరిత్రను వడ్డీ రేట్లలో కంటే వసూలు పద్ధతుల్లో వెదకడం మేలు. డబ్బు లేనివాడి దగ్గర డబ్బుకు బదులుగా ఏం తీసుకోవచ్చన్న ప్రశ్నకు ఇక్కడ ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. మొదట శరీరాన్ని, తరవాత శ్రమను, భూమిని, ఇప్పుడు పరువును తీసుకోవచ్చన్నది ఆ జవాబుల వరస. వీటిలో ఒక్కొక్కదాన్ని అప్పులవాడి చేయి జారకుండా కాపాడటానికి చట్టం ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చింది.

ఈ పరగణాలో అందరికీ తెలిసిన బాకీదారు కంచెర్ల గోపన్న. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో (1672–1687) పాల్వంచ తహశీల్దారుగా ఉన్న ఆయన, ఖజానాకు చేరవలసిన శిస్తు సొమ్మును భద్రాచల రామాలయానికి ఖర్చు చేసి గోల్కొండలో చెరపడ్డాడు. భక్తి గాథగా చెప్పుకునే ఈ ఉదంతం రెవెన్యూ చరిత్రలో రాజధనం వసూలుకు ఉదాహరణ కూడా. బకాయి తీరేదాకా మనిషినే నిర్బంధించడం ఆనాటి పాలకులకు సాధారణ విధానం. ఆ విధానం పూర్తిగా పోయిందనుకోవడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం డిక్రీ అమలులో బాకీదారును మూడు నెలల వరకు సివిల్ జైలులో ఉంచవచ్చు. అయితే చెల్లించే శక్తి ఉండి దురుద్దేశంతో ఎగవేసినవాడికే అది వర్తిస్తుందనీ, కేవలం పేదరికం వల్ల చెల్లించలేనివాణ్ణి జైలుకు పంపడం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమనీ సుప్రీంకోర్టు 1980లో, జాలీ జార్జ్ వర్గీస్ కేసులో, స్పష్టం చేసింది.

చెర రాచబాకీలకు సాధనమైతే, అడవి పల్లెల్లో షావుకారుకు అక్కరకు వచ్చింది శ్రమ. వానాకాలం ముందు విత్తనానికీ తిండికీ గింజలు అప్పిచ్చి, పంట చేతికి రాగానే ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో కొలిపించుకునే పద్ధతిని తెలంగాణ పల్లెల్లో నాగు అనేవారు. ఒక ఏడు వానలు తప్పితే నాగు మరుసటి ఏటికి పెరిగి, చివరకు అప్పు తీసుకున్నవాడో అతని కొడుకో షావుకారింట జీతానికి కుదిరేవాడు. బాకీకి బదులుగా ఇలా మనిషి పనిచేసే కట్టుబాటునే నిజాం రాజ్యంలో బాగేలా అన్నారు. 1941 ప్రాంతంలో పాల్వంచ సంస్థానంలో కొండరెడ్లనే గిరిజనుల మధ్య పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, కలప, వెదురు వ్యాపారులు ముందుగా ఇచ్చే బయానాల వల్ల కొండరెడ్లు కూపుల్లో, అంటే చెట్లు నరికే అడవి భాగాల్లో, పనికి ఎలా కట్టుబడిపోయారో 1945లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఆ వ్యాపారికి బాకీ తీరడం లాభం కాదు. తీరని బాకీయే అతనికి చవకగా కూలీలను తెచ్చిపెట్టేది. అందువల్ల లెక్కల పుస్తకం వ్యాపారి దగ్గర, వేలిముద్ర కొండరెడ్డి దగ్గర ఉన్నంతకాలం ఆ పద్దు ముగిసే అవకాశమే లేదు.

ఇదే కాలంలో గోదావరి అవతలి ఒడ్డున చట్టం వేరుగా ఉండటం గమనించదగ్గది. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ పాలనలోకి వెళ్లిన భద్రాచలం తాలూకాకు మద్రాసు ప్రభుత్వపు 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టం వర్తించింది. కొండజాతుల వారి అప్పుపై వడ్డీ ఏడాదికి నూటికి 24 రూపాయలు మించరాదని, చక్రవడ్డీ కూడదని, మొత్తం వడ్డీ అసలును దాటరాదని అది శాసించింది. ఇవతలి ఒడ్డున, నిజాం రాజ్యంలో, బాగేలా ఒప్పందాల నియంత్రణ ఆ తరవాత చాలా ఏళ్లకు గానీ రాలేదు. నదికి రెండు వైపులా ఉన్నది ఒకే కోయ జనమైనా వారి బాకీలకు రెండు న్యాయాలు ఉండేవి.

స్వాతంత్ర్యానంతరం ఈ తేడా క్రమంగా పోయింది. గిరిజనుల భూమి బాకీల కింద ఇతరుల పాలు కాకుండా తెచ్చిన 1959 నాటి భూ బదలాయింపు నిబంధన 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకూ వర్తించింది. 1970 సవరణతో ఆ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి చేతులు మారడం పూర్తిగా నిషిద్ధమైంది. 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టం తన నిర్వచనంలోనే బాగేలా, జీతం, వెట్టి అనే పేర్లను చేర్చి, వాటి వెనుక ఉన్న బాకీలన్నిటినీ రద్దు చేసింది. కాగితం మీద ఇవి గొప్ప విజయాలు. బినామీ పేర్లతో సాగులు జరిగిన పల్లెల్లో భూ బదలాయింపు నిషేధపు ఫలితం అంత సంపూర్ణంగా అందలేదు.

అప్పటికే పాల్వంచ మారుతోంది. 1960లలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, ఆ తరవాత స్పాంజ్ ఐరన్, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాలు రావడంతో నెల జీతం మీద బతికే వర్గం ఏర్పడింది. బ్యాంకులు తాకట్టు లేకుండా అప్పిచ్చింది ఈ వర్గానికే. క్రెడిట్ కార్డు అటువంటి అప్పుకు పరాకాష్ఠ. బిల్లులో చూపిన కనీస మొత్తం గడువు తేదీ తరవాత 90 రోజులు దాటినా పూర్తిగా చెల్లించకపోతే ఆ ఖాతా నిరర్థక ఆస్తి, అనగా ఆదాయం తెచ్చిపెట్టని బాకీ, అవుతుంది. దానికి ముందే ఫోన్లు మొదలవుతాయి. తరవాత ఖాతా రికవరీ ఏజెన్సీకి, అంటే వసూలును కాంట్రాక్టుకు తీసుకునే సంస్థకు, చేరుతుంది. బ్యాంకు ఆ బాకీని తన లెక్కల్లో నష్టం కింద కొట్టివేసినా బాకీదారుకు విముక్తి లేదు. సెటిల్‌మెంటు చేసుకుని కొంత మాఫీ పొందితే, ఆ విషయం సిబిల్ వంటి రుణ సమాచార సంస్థల నివేదికలో నమోదై కొత్త రుణాలకు అడ్డుపడుతుంది. బ్యాంకు కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకున్నా, జీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులనూ జప్తు చేయరాదు. మూడేళ్లలో దావా వేయకపోతే బాకీకి కాలదోషం పడుతుంది. అయితే ఆ గడువు లోపల కొంత చెల్లించి రాతపూర్వకంగా దానిని గుర్తించినా, బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసినా మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. తాకట్టు ఏదీ లేని ఈ అప్పులో వసూలుదారుకు మిగిలిన ఆయుధం అవమానం. ఇంటివారికీ పై అధికారికీ ఫోన్ చేసి పరువు తీస్తామన్న బెదిరింపు అలా పుట్టిందే. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత వసూలు కోసం ఫోన్ చేయరాదని, బంధుమిత్రులను వేధించరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది.

వసూలుదారు నడవడికకు ఇలా హద్దులు పడ్డా, బాకీ పెరుగుదలకు హద్దు మిగల్లేదు. అప్పుల వేధింపుల నేపథ్యంలో ఉమ్మడి రాష్ట్రం 2010లో ఆర్డినెన్సుగా, 2011లో చట్టంగా తెచ్చిన సూక్ష్మరుణ నియంత్రణ, వడ్డీ అసలును మించరాదన్న 1917 నాటి సూత్రాన్ని మళ్లీ నిలబెట్టింది. రిజర్వు బ్యాంకు అజమాయిషీలోని సంస్థలకు అది వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కార్డు బకాయిపై ఏడాదికి 30 శాతం మించిన వడ్డీ అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. దానితో, నూరేళ్ల కిందట గోదావరి ఆవలి ఒడ్డున కోయ రైతుకు చట్టం ఇచ్చిన 24 శాతం కట్టడి వంటిది, ఈనాడు ఇవతలి ఒడ్డున కార్డు వాడే కాంట్రాక్టు కార్మికుడికి లేకుండా పోయింది.