ఒక డాలరు దస్తావేజు: మిగులు ప్రభుత్వ ఆస్తి, స్థానిక ప్రభుత్వం, ప్రజా ప్రయోజనం

ఒక ప్రభుత్వ శాఖ తనకు అక్కర తీరిన భూమిని, భవనాలను స్థానిక ప్రభుత్వానికి నామమాత్రపు ధరకు రాసిస్తే, ప్రజాధనాన్ని ధారపోశారన్న విమర్శ వెంటనే వస్తుంది. ఆ విమర్శ వెనుక ఉన్న భయం న్యాయమైనదే. ప్రజల ఆస్తి ఎవరి చేతికి, ఎందుకు, ఎంతకు పోతోందో అడిగి తీరాలి. అయితే ‘ఎంతకు’ అన్న ఒక్క ప్రశ్నతో ఆ అమ్మకం మంచిచెడ్డలు తేలవు. చేతులు మారిన ఆస్తిని ఏ షరతులు ఎంతకాలం కట్టి ఉంచుతాయి, దాన్ని నిలబెట్టే ఖర్చు ఎవరు మోస్తారు అన్నవే సరైన కొలమానాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. న్యూయార్క్ నౌకాశ్రయంలోని గవర్నర్స్ ఐలాండ్‌ను అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2003లో ఒక డాలరుకు అమ్మిన ఉదంతం ఈ వాదనకు ఆధారం.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో 1949 నాటి ఫెడరల్ ప్రాపర్టీ అండ్ అడ్మినిస్ట్రేటివ్ సర్వీసెస్ చట్టం మిగులు ఆస్తికి ఒక వరస ఏర్పరచింది. ఒక శాఖ వద్దనుకున్న ఆస్తి మరో ఫెడరల్ శాఖకు కావాలేమో మొదట చూస్తారు. ఎవరికీ అక్కర్లేదని తేలాకే అది మిగులు అవుతుంది. అప్పుడు రాష్ట్రాలు, నగరాలు, కౌంటీలు పార్కులు, బడులు, ఆస్పత్రుల వంటి వాటికి తగ్గింపు ధరతో కోరవచ్చు. నిలువ నీడ లేనివారికి సేవలందించే సంస్థలకు 1987 చట్టం ప్రాధాన్యం కల్పించింది. పార్కుకైతే తగ్గింపు నూటికి నూరు శాతం దాకా ఉండవచ్చు. దానికి బదులుగా ఆ స్థలం శాశ్వతంగా పార్కుగానే ఉండాలి. షరతు తప్పితే ఫెడరల్ ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అంటే వదులుకున్న ధరకు ప్రతిఫలంగా చట్టం ఒక బాధ్యతను రాయించుకుంటోంది.

గవర్నర్స్ ఐలాండ్ ఈ మామూలు దారిన పోలేదు. సుమారు 172 ఎకరాల ఆ దీవి దీర్ఘకాలం సైన్యం చేతిలో ఉండి, 1966లో కోస్ట్ గార్డ్‌కు స్థావరమైంది. ఖర్చు తగ్గించుకునేందుకు కోస్ట్ గార్డ్ 1996లో దాన్ని ఖాళీ చేసింది. మరుసటి ఏడు కాంగ్రెస్ చేసిన బ్యాలన్స్‌డ్ బడ్జెట్ చట్టం ఆ దీవిని మార్కెట్ విలువకు అమ్మాలని, మొదట కొనే అవకాశం న్యూయార్క్ రాష్ట్రానికి, నగరానికి ఇవ్వాలని నిర్దేశించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి భవనాలు ఖాళీగా పడి ఉన్నాయి, వాటి కాపలా భారం ఫెడరల్ ఖజానా మీదే ఉండిపోయింది. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ కోటలున్న భాగాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 2003 జనవరి 31న దాదాపు 22 ఎకరాల ఆ భాగం నేషనల్ పార్క్ సర్వీస్‌కు దక్కింది. మిగిలిన 150 ఎకరాలు ఒక డాలరుకు న్యూయార్క్ ప్రజలవయ్యాయి. అయితే దస్తావేజు శాశ్వత నివాసాలను, కాసినోలను నిషేధించింది. పార్కుకూ విద్యకూ కనీస విస్తీర్ణం కేటాయించాలని కోరింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది: దేశమంతటి పన్ను చెల్లింపుదారులకు రావాల్సిన ఆదాయం ఒక నగరానికి కట్టబెట్టడం కాదా? ఈ ప్రశ్న మార్కెట్ ధర ముందే అక్కడ సిద్ధంగా ఉందని అనుకుంటుంది. భూమి ధర దాని మీద ఏం కట్టనిస్తారన్న దాన్నిబట్టి ఏర్పడుతుంది. పడవ తప్ప దారి లేని దీవిలో ఏం కట్టవచ్చో, నీళ్లు, రవాణా ఎలా అందాలో తేల్చే అధికారంలో పెద్ద భాగం నగరానిది. నగరం సహకారం లేకుండా ఆ భూమికి పెద్ద ధర పలకడం కష్టం. పైగా అమ్మకం ఆలస్యమైన ప్రతి ఏడాదీ కాపలా, మరమ్మతుల ఖర్చు ఖజానాదే. కాబట్టి ‘పోయిన ఆదాయం’ అన్న లెక్కలోంచి ఈ రెండింటినీ తీసేసి చూడాలి. అప్పుడూ కొంత నష్టం మిగలవచ్చు. ఆ మిగిలినదానికి బదులుగా ప్రజలకు ఏ హక్కు స్థిరపడిందో దస్తావేజు చెప్పాలి.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. షరతు కాగితం మీద ఉన్నంత మాత్రాన పార్కు తయారవదు. 2005 వేసవిలో దీవి తలుపులు ప్రజలకు తెరుచుకున్నా, 2010లో నగరం పూర్తి బాధ్యత తీసుకున్నాకే పనులు ఊపందుకున్నాయి. దక్షిణ భాగంలోని కొండల పార్కు 2016లో పూర్తయింది. ఏడాది పొడవునా రాకపోకలు 2021లోనే సాధ్యమయ్యాయి. ఒక డాలరుకు వచ్చిన ఆస్తిని వాడుకలోకి తేవడానికి దాదాపు రెండు దశాబ్దాలు, పెద్దయెత్తున ప్రజాధనం పట్టాయి. నిర్వహణ సొమ్ము కోసం నగరం 2021లో దక్షిణ భాగంలో కట్టడాలకు వీలు కల్పించింది, దాని మీద నిరసనలూ వచ్చాయి. ఇవన్నీ ఈ వాదనను బలపరుస్తాయే కాని కొట్టివేయవు. చవక ధరకు స్వీకరించే స్థానిక సంస్థకు అప్పగించేది ఆస్తితోపాటు అప్పులాంటి ఒక బాధ్యతను కూడా. అది మోయగల ఆర్థిక స్తోమత ఉందా అని అమ్మకానికి ముందే పరీక్షించాలి. షరతులు భవిష్యత్తు చేతులు కట్టేస్తాయన్న మాటకూ ఇదే జవాబు: నిషేధాలు కొద్దిగా, స్పష్టంగా ఉండి, వాటి పరిధిలో వాడుక మార్చుకునే స్వేచ్ఛ నగరానికి ఉంటే అవి సంకెళ్లు కావు.

ఈ విచారణ తెలుగు నేలకు దూరమైనది కాదు. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో జరిగిన ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రంలో మిగులు భూముల నుంచి ఆదాయం రాబట్టే నేషనల్ ల్యాండ్ మానిటైజేషన్ కార్పొరేషన్‌కు 2022లో ఆమోదం లభించింది. ఈ సందర్భాల్లో పలికిన ధరే విజయానికి గుర్తు అనుకుంటే, తక్కువ ఆదాయంతో కొట్టుమిట్టాడే పురపాలికకు ఆటస్థలమో గ్రంథాలయమో ఎప్పటికీ అందదు. వేలానికి ముందు స్థానిక సంస్థను తప్పక అడగాలి. అడిగి ఇచ్చిన ఆస్తికి వాడుక షరతు, తప్పితే వెనక్కి తీసుకునే నిబంధన, నిర్వహణ నిధి ఏర్పాటు దస్తావేజులోనే ఉండాలి. ఆ దస్తావేజు అందరూ చదవగలిగేలా బహిరంగంగా ఉండాలి. ఇవన్నీ ఉన్నప్పుడు ఒక డాలరు న్యాయమైన ధరే. ఇవి లేనప్పుడు ఎకరానికి వంద కోట్లు వచ్చినా, ప్రజలు ఆ భూమి మీద తమ మాటను వదులుకున్నట్టే.